మోత్కూరు లెక్కలో ఒక ఏడాది

డిసెంబరు చివరి వారంలో పత్రికా కార్యాలయాల్లో ఒక ఆనవాయితీ పని ఉంటుంది. ఏడాదిలో జరిగిన ఘటనలను ఒక పేజీలోకి, కన్నుమూసిన ప్రముఖులను ఇంకో పేజీలోకి సర్దాలి. ఎవరి ఫొటో ఎంత పెద్దదిగా వెయ్యాలి, ఎవరికి నాలుగు వాక్యాలు, ఎవరికి నాలుగు మాటలు అన్నది రాత్రి పదింటికి పేజీ పెట్టే మనిషి తేల్చేస్తాడు. చదివేవాళ్లు పై నుంచి కిందికి ఒకసారి చూసి "అరె, ఈయన గూడ పోయిండా" అనుకుని పేజీ తిప్పుతారు. 2025 ముగిసినప్పుడూ అవే పేజీలు వచ్చాయి. వాటిని ఈసారి మోత్కూరు వైపు నుంచి చదివితే ఎట్లా ఉంటుందో చూద్దామనిపించింది.

మోత్కూరే ఎందుకంటే, అది ప్రపంచ వార్తల్లోకి ఎన్నడూ రాని ఊరు గనుక. 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లాలో ఉండి ఆపైన యాదాద్రి భువనగిరి జిల్లాలోకి మారింది. 2018లో మున్సిపాలిటీ అయింది. పక్కన బిక్కేరు వాగు, చుట్టూ పత్తిచేలు, బోర్ల కింద వరి, నడుమ మార్కెట్ యార్డు, సొసైటీ, బస్టాండు. హైదరాబాదుకు చదువులకో కొలువులకో పోయిన పిల్లల ఫోన్ల కోసం చూసే ఇండ్లు. తెలంగాణలో ఇటువంటి ఊళ్లు చాలానే ఉన్నాయి. ప్రపంచం వాటిని పట్టించుకోకపోయినా, ప్రపంచంలో జరిగేది మాత్రం వాటి గడపలోకి వస్తూనే ఉంటుంది. అది ఏ వేషంలో వస్తుందన్నదే చూడదగ్గ సంగతి.

2025లో అది యూరియా బస్తా వేషంలో వచ్చింది. జూన్ 13న ఇజ్రాయిల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. పన్నెండు రోజుల పాటు టీవీల్లో క్షిపణుల వెలుగులు చూశాం. ఆ యుద్ధంతో ఇజ్రాయిల్ నుంచి పోయే సహజవాయువు ఆగిపోయి ఈజిప్టులోని ఎరువుల కర్మాగారాలు నిలిచిపోయాయి. ఇరాన్ కర్మాగారాలదీ అదే స్థితి. ఎర్ర సముద్రంలో ఓడల రాకపోకలకు అంతకుముందు నుంచే ఆటంకం. చైనా తన యూరియాను మనకు అమ్మకుండా బిగబట్టింది. ఇవి చాలవన్నట్టు మన రామగుండం కర్మాగారం పదే పదే ఆగింది. యూరియా తయారీకి ముడిసరుకు సహజవాయువే కాబట్టి ఎక్కడ గ్యాసు ఆగినా, ఎక్కడ ఓడ ఆగినా, దాని సెగ పైరుకు తగలక తప్పదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలంగాణ అంతటా సొసైటీల ముందు తెల్లవారకముందే లైన్లు కట్టారు. మనిషికి బదులు చెప్పుల జతలు, పట్టాదారు పాసుపుస్తకాలు వరుసలో కూర్చున్నాయి. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ధర పెరగలేదు, బస్తానే కనబడలేదు. "ఎక్కడనో లడాయి అయితే మన బస్తా ఎందుకాగుతది బిడ్డా?" అని లైన్లో నిలబడ్డ ఒక పెద్దమనిషి అడిగితే అర్థశాస్త్రం ఎంఏ చదివినవాడు కూడా కొంచెం ఆలోచించి చెప్పవలసిన ప్రశ్న అది. ఏడాది చివరి పేజీల్లో మాత్రం ఇజ్రాయిల్–ఇరాన్ యుద్ధం ఒకచోట, యూరియా కొరత ఇంకోచోట ఉన్నాయి. మొదటిది అంతర్జాతీయం, రెండోది జిల్లా వార్త. రెండింటి మధ్య గీత గీసింది మనమే.

ఆ తర్వాత పత్తి. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. బట్టల ఎగుమతిదారులు తల్లడిల్లారు. వాళ్లకు ఊరటగా కేంద్రం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. తెలంగాణలో పత్తి ఏరుడు సాగేది, సరుకు మార్కెట్టుకు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు ఉండింది. ఆ ధర దక్కాలంటే సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రానికే పోవాలి. అక్కడికి పోవాలంటే ఫోనులో 'కపాస్ కిసాన్' యాప్ ఉండాలి, స్లాట్ దొరకాలి, తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది. మర్నాటికల్లా దాని వాన తెలంగాణ చేల మీద కురిసి విచ్చిన పత్తిని ముద్ద చేసింది. నవంబరులో ఎకరానికి ఏడు క్వింటాళ్లకు మించి కొనబోమన్న నిబంధన ఒకటి వచ్చి పడింది. యాప్ తెరవడం రాని రైతు కొడుకుకు ఫోన్ చేస్తాడు, హైదరాబాదులో ఉన్న కొడుకు ఓటీపీ చెప్పమంటాడు, ఆ ఓటీపీ తండ్రి ఫోన్‌కే వస్తుంది, తండ్రి ఆ ఫోన్‌లోనే మాట్లాడుతుంటాడు. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే దాని చివరి అంకం ఇట్లా జరుగుతుంది. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ నవ్వు ఖరీదు క్వింటాలుకు వెయ్యి రూపాయల పైమాటే.

మిగిలినవి త్వరత్వరగా చెప్పుకోవచ్చు. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో పర్యాటకులను చంపారు. మే 7న మన సైన్యం బదులు చెప్పింది. మే 10 సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. అదే సాయంత్రం హైదరాబాదు గచ్చిబౌలిలో ప్రపంచ సుందరి పోటీలు మొదలయ్యాయి. అయిదు రోజులకు ఆ సుందరీమణులు మన జిల్లాకే వచ్చి కొందరు యాదగిరిగుట్టలో నరసింహస్వామిని దర్శించుకున్నారు, కొందరు పోచంపల్లిలో మగ్గాలు చూశారు. ప్రపంచం ఒక్కోసారి నిజంగానే బస్సెక్కి మన దగ్గరికి వస్తుంది. జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలింది. జూన్ 30న పాశమైలారం రసాయన కర్మాగారంలో పేలుడుకు యాభై మందికి పైగా బలయ్యారు. నవంబరు 17న మదీనా దారిలో బస్సు తగలబడి ఉమ్రాకు పోయిన హైదరాబాదీలు నలభై అయిదు మంది ఇంటికి రాలేదు. సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు, ఆ రాత్రి తెలంగాణలో చాలా ఇండ్లల్లో దీపాలు ఆరలేదు. మోత్కూరు వంటి ఊళ్లకు అది కూడా స్థానిక వార్తే. నవంబరు 2న మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా శ్రీచరణి, హైదరాబాదు అరుంధతి రెడ్డి ఉన్నారు. ఏడాదికి ఒక్క మంచి రాత్రయినా ఉండాలి కదా.

ఇక పోయినవాళ్లు. ఈ జాబితా ఎంత పొడుగో. పోప్ ఫ్రాన్సిస్ ఏప్రిల్ 21న పోయారు. ఆయన వారసుణ్ని ఎన్నుకున్న కార్డినళ్లలో కర్నూలు జిల్లాలో పుట్టిన మన హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ ఒకరు. ఖగోళ శాస్త్రాన్ని మామూలు మనుషులకు అర్థమయ్యేట్టు చెప్పిన జయంత్ నార్లీకర్, అన్నమయ్య కీర్తనలను ఇంటింటికీ చేర్చిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్, కోట శ్రీనివాసరావు, ఆయన వెళ్లిన మర్నాడే బి.సరోజాదేవి, ధర్మేంద్ర. కోట తెలంగాణ యాసను తెరమీద వాడిన తీరు గురించి ఇక్కడివాళ్లకు కొంత నొప్పి, కొంత ముచ్చట రెండూ ఉన్నాయి. అది ఇంకోసారి మాట్లాడుకోవచ్చు. ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు హోసే ముహీకా మే 13న పోయినప్పుడు ఆయన పాత ఫోక్స్‌వ్యాగన్ కారు గురించి, జీతంలో సింహభాగం దానమిచ్చేసి పూలతోట సాగుచేసుకుంటూ బతికిన తీరు గురించి అన్ని పత్రికలూ రాశాయి.

ఈ పేర్లలో మోత్కూరు తన ఇంటి మనిషిలా భావించుకోదగ్గవారు ఎవరు? మొదట వచ్చే పేరు అందెశ్రీ. నవంబరు 10 ఉదయం గాంధీ ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ఆయన లేరు. సిద్దిపేట జిల్లా రేబర్తిలో అందె ఎల్లయ్యగా పుట్టాడు. అమ్మానాన్నలు లేరు, బడి లేదు. గొర్రెలు కాశాడు, తాపీ పని చేశాడు. అక్షరం కన్నా ముందు పాట పట్టుబడింది. నదుల మీద పెద్ద కావ్యం రాయాలని దేశదేశాల నదుల వెంట తిరిగాడు. ఆయన రాసిన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమ కాలమంతా జనం నోళ్లలో ఉండి, రాష్ట్రం వచ్చిన పదేళ్లకు 2024 జూన్ 2న అధికారికంగా రాష్ట్ర గీతమైంది. బడికి పోని మనిషి పాట బడులన్నిట్లో పొద్దున్నే పాడుతున్నారు. దీనికి మించిన పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇవ్వగలదు? (కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది, అది వేరే సంగతి.) అంత్యక్రియలు ఘట్‌కేసర్‌లో జరిగాయి. మోత్కూరు నుంచి భువనగిరి మీదుగా ఉప్పల్ పోయే బస్సులు ఆ ఊరు దాటే పోతాయి. ఆ రోజు ఆ దారి వెంట పోయినవాళ్లకు జనసందోహం కనబడే ఉంటుంది.

ఆయన్ను ఇంటి మనిషి అనడానికి ఇంకో కారణం ఉంది. మోత్కూరు పాటకు కొత్త కాదు. ఈ మండలంలోని పాలడుగులోనే సుద్దాల హనుమంతు పుట్టాడు. తర్వాత సుద్దాలలో స్థిరపడి ఆ ఊరునే ఇంటిపేరు చేసుకున్నాడు. నిజాం కాలంలో, రైతాంగ సాయుధ పోరాటపు రోజుల్లో బుర్రకథను, గొల్ల సుద్దులను పట్టుకుని ఊరూరా తిరిగి పాడాడు. చదువురాని మనిషికి రాజకీయం అర్థం కావాలంటే కరపత్రం కన్నా పాటే దగ్గరి దారి అని ఈ నేలకు అప్పుడే తెలుసు. అందెశ్రీ ఆ తోవలో వచ్చినవాడే. అందుకే ఆయన మరణవార్తను ఇక్కడ ఎవరూ ఒక ప్రముఖుడి మరణంగా వినలేదు. డప్పు కొట్టేవాడు, గొర్రెల కాపరి, తాపీ మేస్త్రీ, ఒగ్గుకథ చెప్పేవాడు తమలో ఒకడు పోయినట్టే విన్నారు.

ఆ ఏడాదే, మే 28న, అమెరికాలో ఇంకొకాయన పోయాడు. పేరు గూగీ వా థియాంగో, ఎనభై ఏడేళ్లు, కెన్యా రచయిత. మన పత్రికలు కొన్ని ఆయనకు నాలుగు వాక్యాలిచ్చాయి, కొన్ని అదీ ఇవ్వలేదు. ఇంగ్లీషులో పేరు తెచ్చుకున్న తర్వాత ఆ భాషలో నవలలు రాయడం మానేసి తన గికుయు భాషకు మళ్లినవాడు. 1977లో కమిరీథు అనే పల్లెలో రైతులను, కూలీలను పెట్టి వాళ్ల భాషలో నాటకం ఆడించాడు. ఇంగ్లీషులో అంతకన్నా ఘాటైన నవల రాసినప్పుడు ఊరుకున్న ప్రభుత్వం, పల్లెజనం తమ భాషలో నాటకం ఆడగానే ఆయన్ని జైల్లో వేసింది. కాగితం ఇవ్వకపోతే మరుగుదొడ్డి కాగితం మీద గికుయులో నవల రాశాడు. ఆ నవలను వరవరరావు ఇక్కడి జైల్లో ఉండగా 'మట్టికాళ్ల మహారాక్షసి' పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఒక జైల్లో పుట్టిన పుస్తకం ఇంకో జైల్లో తెలుగైంది. గూగీ తర్వాత హైదరాబాదుకూ వచ్చి వెళ్లాడు. ఆయన్నీ అందెశ్రీనీ పక్కపక్కన పెట్టడం కొందరికి వింతగా ఉండొచ్చు. ఒకరు ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పినవాడు, ఇంకొకరు బడి గడప తొక్కనివాడు. అయినా సుద్దాల హనుమంతు బుర్రకథను నిజాం పోలీసులు ఎందుకు వెంటాడారో తెలిసిన ఊరికి కమిరీథు నాటకాన్ని ఎందుకు ఆపారో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకో జంట ఉంది, ఇది ఇంకా దగ్గరిది. ఏప్రిల్ 12న ఖమ్మం దగ్గర రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గుండెపోటుతో పోయారు. వనజీవి రామయ్య అంటే తెలియనివాళ్లు తక్కువ. మెడలో అట్ట బోర్డు వేసుకుని, విత్తనాల సంచి బండికి తగిలించుకుని, కాలువ గట్టు కనబడితే ఆగి, రోడ్డు పక్క ఖాళీ కనబడితే ఆగి నాటుకుంటూ పోయేవారు. భార్య జానమ్మ ఎప్పుడూ పక్కనే. మనవరాళ్లకు చెట్ల పేర్లు పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కోటి మొక్కలు అన్నారు. ఎవరు లెక్కపెట్టారని అడిగేవాళ్లు అడగొచ్చు. లెక్కపెట్టే తీరిక ఆయనకు ఉండేది కాదు.

నలభై ఒక్క రోజులకు, మే 23న, పారిస్‌లో సెబాస్టియావ్ సల్గాదో పోయాడు. బ్రెజిల్ దేశస్థుడు, అర్థశాస్త్రం చదివి ఆ ఉద్యోగం వదిలి కెమెరా పట్టినవాడు. రువాండా నరమేధాన్ని ఫొటోలు తీసి తీసి మనసు విరిగి, 1990ల్లో తండ్రి పొలానికి తిరిగి పోయాడు. చిన్నప్పుడు అడవిగా ఉన్నది అప్పటికి బోడిగుట్ట అయింది, ఊటలు ఎండిపోయాయి. భార్య లేలియా, తిరిగి అడవి పెంచుదామంది. ఇద్దరూ కలిసి ఇరవై లక్షలకు పైగా మొక్కలు నాటించారు. ఊటలు మళ్లీ వచ్చాయి, పక్షులు మళ్లీ వచ్చాయి. రామయ్యకు సల్గాదో పేరు తెలిసే అవకాశం లేదు, సల్గాదోకు రామయ్య పేరూ అంతే. ఒకాయనకు ప్రపంచ పత్రికలు పేజీలకు పేజీలు ఇచ్చాయి, ఇంకొకాయనకు మన పత్రికలు మొదటి పేజీలో చోటిచ్చాయి. అక్టోబరు 1న చింపాంజీల తల్లి జేన్ గుడాల్ తొంభై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూసింది. ప్రసంగ యాత్రలో ఉండగానే పోయింది. ఈ ముగ్గురిదీ ఒకటే మొండితనం.

సల్గాదో చెట్ల మనిషి కావడానికి ముందు కూలీల మనిషి. ప్రపంచమంతా తిరిగి చేతి శ్రమను ఫొటోలు తీశాడు. బ్రెజిల్ బంగారు గనిలో నిచ్చెనలెక్కే వేలమంది, చెరకు కొట్టేవాళ్లు, కాలువలు తవ్వేవాళ్లు. ఆ వరుసలో మన ధన్‌బాద్ బొగ్గుగని కార్మికులూ ఉన్నారు. నల్లటి ముఖాలు, తెల్లటి కళ్లు. ధన్‌బాద్ ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రం పేరు 2025లో మన జిల్లాల వార్తల్లోకి ఇంకో దారిన వచ్చింది.

ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో, లోపలికి దాదాపు పద్నాలుగు కిలోమీటర్ల దూరాన పైకప్పు కూలింది. నీళ్లు, బురద ఒక్కసారిగా దూసుకొచ్చాయి. ఎక్కువమంది బయటికి పరుగెత్తగలిగారు. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. నలుగురు జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లావాళ్లు, ఇద్దరు ఉత్తరప్రదేశ్‌వాళ్లు, ఒకరు పంజాబ్, ఒకరు జమ్మూ కశ్మీర్. సైన్యం వచ్చింది, నౌకాదళం వచ్చింది, జాతీయ విపత్తు దళం వచ్చింది. సింగరేణి రెస్క్యూ బృందాలు వచ్చాయి. ఉత్తరాఖండ్ సొరంగంలో చిక్కినవాళ్లను చేత్తో తవ్వి బయటికి తెచ్చిన ర్యాట్ మైనర్లు వచ్చారు. కేరళ పోలీసుల జాగిలాలు వచ్చాయి. మార్చి 9న ఒక దేహం, మార్చి 25న ఇంకొకటి దొరికాయి. ఏప్రిల్ నెలాఖరులో గాలింపు నిలిపేశారు. మిగిలిన ఆరుగురు అక్కడే ఉన్నారు.

ఏడాది చివరి పేజీల్లో ఈ సొరంగం 'ప్రధాన ఘటనలు' కింద ఒక వరుసలో ఉంది. పోయినవారి జాబితాలో ఆ ఎనిమిది మంది లేరు. ఉండరు కూడా. వాళ్లు ప్రముఖులు కారు. కానీ నల్లగొండ వైపు నుంచి చూస్తే ఆ జాబితాను మళ్లీ రాయాలనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి పోవాలి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఓటు కాగితం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. జలసాధన సమితి తరఫున దుశర్ల సత్యనారాయణ ముందుండి నడిపిన నిరసన అది. పళ్లు గారపట్టి, ఎముకలు వంకర్లు పోయిన ఫ్లోరైడ్ బాధితులు, నీళ్లు లేని రైతులు వందలమంది నామినేషన్లు వేసి, మా గోడు ఢిల్లీకి ఇట్లా అయినా వినబడుతుందా అన్నారు. ఢిల్లీకి వినబడింది. తర్వాత చేసిన మొదటి పని, అభ్యర్థి కట్టే డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి పది వేలకు పెంచడం! స్వతంత్ర అభ్యర్థిని బలపరిచేవాళ్లు పదిమంది ఉండాలన్న షరతు కూడా అప్పుడే వచ్చింది. నీళ్లడిగితే నామినేషన్ ధర పెంచిన ముచ్చట ఈ జిల్లా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ ఎన్నికల్లో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. తర్వాత 1998లోనూ, మళ్లీ 2004లోనూ అదే పార్టీ నుంచి గెలిచినవారు సురవరం సుధాకర్‌రెడ్డి.

సురవరం కూడా 2025లోనే పోయారు, ఆగస్టు 22న, ఎనభై మూడేళ్ల వయసులో. పాత మహబూబ్‌నగర్ జిల్లా అలంపూర్ ప్రాంతంలో పుట్టి, విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చి, 2012 నుంచి 2019 దాకా సీపీఐ జాతీయ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. దేహాన్ని గాంధీ వైద్య కళాశాలకు ఇచ్చేశారు. ముహీకా పాత కారు గురించి అంత రాసిన మనం, రెండుసార్లు నల్లగొండ ఎంపీగా ఉన్న మనిషి తన శరీరాన్ని కూడా తనకోసం మిగుల్చుకోకుండా వైద్య విద్యార్థుల బల్ల మీదికి పంపిన సంగతిని ఒక్క వాక్యంలో ముగించాం. పొరుగింటి పుల్లకూర రుచి అనే మాట మన పత్రికలకు కూడా వర్తిస్తుంది.

నల్లగొండ అడిగిన నీళ్లకు సమాధానంగా అనుకున్నవాటిలో ఆ సొరంగం ఒకటి. పథకానికి ఎలిమినేటి మాధవరెడ్డి పేరు పెట్టారు. ఆయన భువనగిరి ఎమ్మెల్యే, 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి చనిపోయారు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల అడవి కింద దాదాపు 44 కిలోమీటర్ల పొడవునా సొరంగం తవ్వి కృష్ణా నీళ్లను ఎత్తిపోతల ఖర్చు లేకుండా వాటంతట అవే పారేట్టు నల్లగొండకు తేవాలి. పైన ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది కాబట్టి మధ్యలో ఎక్కడా పై నుంచి దారి పెట్టడానికి వీల్లేదు. రెండు కొసల నుంచే తవ్వుకుంటూ రావాలి. లోపల ఏదైనా జరిగితే బయటికి దారి పద్నాలుగు కిలోమీటర్లు వెనక్కి. పని మొదలై ఇరవై ఏళ్లవుతోంది, ఇంకా తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు మిగిలింది. ఈలోగా ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే మారింది, యంత్రాలు మొరాయించాయి, వరద వచ్చి ముంచింది. చిట్టచివరికి కూలిన రోజున లోపల ఉన్నది ఈ నీళ్లతో ఏ సంబంధమూ లేని ఊళ్లవాళ్లు. గుమ్లా రైతుకు కృష్ణా నది ఎటు పారుతుందో తెలియాల్సిన పని లేదు. నెలకు ఇంత అని వచ్చారు. మన జిల్లా నుంచి దుబాయి పోయినట్టు, బొంబాయి పోయినట్టు వచ్చారు.

ఆ సొరంగం ఉన్న పాత మహబూబ్‌నగర్‌కు, అంటే పాలమూరుకు, ఇది తెలియని కథ కాదు. పాలమూరు కూలీ అన్న మాట దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు మట్టి పనివాళ్లు ఉండేవాళ్లు. ఎంతమంది ఎక్కడెక్కడ పోయారో, ఏ గట్టు కింద ఉన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు అదే జిల్లా అడవి కింద వేరే రాష్ట్రాల పాలమూరులు పనిచేస్తున్నారు. వలస ఎటు నుంచి ఎటు పోయినా పేర్లు రాసిపెట్టే అలవాటు మాత్రం రాలేదు. మన తరంలో అయినా రావాలి. ఎందుకంటే ఈసారి పేర్లు తెలుసు, ఊళ్లు తెలుసు, ఫొటోలు ఉన్నాయి. 

సొరంగం ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. బోరింగ్ యంత్రం బదులు మందుపెట్టి పేల్చే పద్ధతిలో మిగిలింది పూర్తిచేస్తామంది. నవంబరులో మన్నెవారిపల్లి దగ్గర హెలికాప్టర్‌తో భూగర్భ పొరల సర్వే మొదలుపెట్టింది. ముందే చేయాల్సిన సర్వే అని ఇంజినీర్లే అంటున్నారు. నీళ్లు వస్తాయి, ఎప్పుడన్నది చెప్పలేం గానీ వస్తాయి. సొరంగం అవతలి కొస ఆ మన్నెవారిపల్లి వైపే. నీళ్లు బయటపడే రోజున అక్కడ శిలాఫలకం తప్పకుండా వేస్తారు, అందులో ముఖ్యమంత్రి, మంత్రులు, శాసనసభ్యులు, కలెక్టరు, చీఫ్ ఇంజినీరు వరుసగా ఉంటారు. ఆ రాయి మీద ఎనిమిది పేర్లకు చోటుంచాలని నల్లగొండ జిల్లా ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగవచ్చు. పార్టీలతో పనిలేదు, బడ్జెటుతోనూ పనిలేదు, ఒక తీర్మానం చాలు. మోత్కూరులోనూ ఎవరో ఒకరు అడిగి చూడవచ్చు. పేర్లు తెలుగులోనే కాకుండా హిందీలో కూడా చెక్కించాలి, గుమ్లా నుంచి ఎప్పుడైనా ఎవరైనా చూడవస్తే చదువుకోవాలి కదా.